తొర్రమ్మా, తప్పుకో

మాది పామిడి. బజారు వీధిలో బట్టల అంగడి. మూలన సాలెగూడు కనబడితే లక్ష్మి వచ్చే దారికి అడ్డమని మా అమ్మ చీపురు అందుకునేది. అట్లాంటి ఇంట్లో పుట్టి నేను సాలీళ్ల మీద పరిశోధన చేస్తానంటే, మా నాయన నన్ను ఎగాదిగా చూసి, "చేసి, దేన్ని అమ్ముతావు?" అని అడిగాడు. ఏదీ అమ్మనని చెప్పాను. ఆ రోజు నుంచి వేణుగోపాల్ అనే తన రెండో కొడుకు చెడిపోయిన లెక్కలోకి పోయాడు. ఇప్పుడు కళ్యాణదుర్గంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను. కోపం ఎక్కువ. పురుగు ముందు పూటంతా కూర్చోగలను గానీ మనిషి ముందు పది నిమిషాలు కూర్చోలేను. నామాల గుట్ట మీద జరిగిందంతా ఆ గుణం వల్లే జరిగింది.

కంబదూరు దాటి లోపలికి పోతే వస్తుంది నామాల గుట్ట. రోడ్డు మీద నుంచి చూసేవాడికి ఉత్త బండల కుప్ప. వెనక వాలులోకి దిగితే మాత్రం అరవై మూడు ముసలి నారేపి చెట్లు ఉన్నాయి. ఒక్కొక్కదానికి సున్నంతో నంబరు వేసింది నేనే గనక లెక్క తప్పదు. వాన ఎగ్గొట్టిన ఏడు శనక్కాయ చేలు మాడిపోయినా నారేపి పచ్చగానే ఉంటుంది. దాని ఆకు మేకలకు మేత, దాని నార పగ్గాలకు. మూడేళ్లుగా వాన సరిగా లేదు. ఊళ్లో మేకలన్నీ ఆ చెట్లను నమ్ముకునే ఉన్నాయి.

ఆంజినప్ప నాకు పరిచయమైంది అక్కడే. అరవై దాటిన మేకల కాపరి. నేను మొదటిసారి గుట్ట ఎక్కిన రోజు ఆయన కొమ్మ నరకబోతున్నాడు. గొడ్డలి తిప్పి పట్టుకుని, వెనకవైపుతో మాను మీద మూడుసార్లు తట్టి, "తొర్రమ్మా, తప్పుకో" అని పక్కకు జరిగి నిలబడ్డాడు. ఆకూ వక్కా నమిలేంత సేపు అట్లాగే నిలబడ్డాడు. ఎండలో నాకు ఒళ్లు మండి, ఎందుకు ఆగావని అడిగాను.

"లోపల ఆయమ్మ ఉంటాది సార్. సెప్పాల కదా. సెప్పినంక సర్దుకునేకి టైమియ్యాల. మా నాయనా ఇట్లే సేస్తాండె."

మరి ఎప్పుడైనా చూశావా అంటే, కొమ్మ నరికేటప్పుడు రెండు మూడు తడవలు కాళ్లు కనబడ్డాయని, అంతకుమించి చూడలేదని చెప్పాడు. తొర్రలోకి తొంగిచూడటం వాళ్లలో లేదట. ఇంకొకరి ఇంట్లోకి ఎవరైనా తొంగిచూస్తారా అని నన్నే అడిగాడు. నేను నవ్వుకుని, జేబులోంచి టార్చిలైటు తీసి తొంగిచూశాను.

ఆ నిమిషం నా బతుకు మారిపోయిందంటే మా నాయన నవ్వుతాడు, నవ్వనీ. తొర్రలో తెల్లటి పట్టు పరుపు మీద అరచేయంత సాలీడు ఉంది. ఒంటి మీద బూడిద రంగు నూగు, వీపు మీద ఆకు ఈనెల్లాంటి చారలు. చెట్టు బెరడు మీద వాలితే దాన్ని వెతకలేము. వెలుతురు పడగానే ముందరి కాళ్లు రెండూ పైకెత్తింది. వాటి అడుగున పసుపు, పేరంటంలో పాదాలకు పూసే అచ్చమైన పసుపు. ఎనిమిది కళ్లూ తల ముందు పెసరగింజంత మిట్ట మీద ఇరుక్కుని ఉంటాయి, ఎనిమిదీ ఉండీ సరిగా చూపు లేదు. చెవులు లేవు. కాళ్ల మీది వెంట్రుకలతో మాను అదురును పట్టుకుంటుంది. అంటే ఆంజినప్ప తట్టిన మూడు దెబ్బలూ దానికి నిజంగానే అందుతాయి. ఇళ్లలో తిరిగే సాలీళ్ల కోరలు పట్టకారులా ఎదురెదురుగా కలుస్తాయి. దీని కోరలు జంట గునపాల్లా పక్కపక్కనే కిందికి దిగుతాయి. పొట్ట కింద నాలుగు ఊపిరితిత్తులు, పుస్తకం పుటల్లా పొరలు పొరలుగా. దీని చుట్టాలన్నీ ఎక్కడో తూర్పు కనుమల అడవుల్లో ఉంటాయి, ఇది ఈ ఎండల్లో ఎట్లా బతికిందో నాకు అప్పుడు అంతుబట్టలేదు. దీనికి పేరు లేదు. ఏ పుస్తకంలోనూ లేదు.

ఎట్లా బతికిందో నాకు తెలియడానికి ఏడాది పట్టింది. నరికిన కొమ్మ మొదలు లోపలికి కుళ్లి తొర్ర అవుతుంది. అడుగున చేరిన చెక్కపొడి ఎప్పుడో పడ్డ వానను నెలల తరబడి దాచిపెడుతుంది. బయట కాకులు నోరు తెరిచే ఎండలో కూడా లోపల వేలు పెడితే చల్లగా తగులుతుంది. ఎవరూ నరకని చెట్లకు తొర్రలే లేవు. ఆంజినప్ప నాయన, ఆయన నాయన, వాళ్ల మేకలు, వాళ్ల గొడ్డళ్లు కలిసి ఆ పురుగుకు ఇల్లు కట్టాయి. ఈ మాట చెప్తే ఆంజినప్ప మురిసిపోలేదు. "మేం యాడ కట్టినాం సార్, మేం మేత కోసం నరుక్కున్యాం" అన్నాడు.

అరవై మూడు చెట్లూ వెతికాం. నలభై ఒకటో నంబరు చెట్టులోని ఆ ఒక్క ఆడది తప్ప ప్రాణంతో ఇంకొకటి దొరకలేదు. పోయిన వేసవిలో పన్నెండో నంబరు చెట్టులో ఇంకొకటి చచ్చి దొరికింది. ఆంజినప్ప నాకు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా దాన్ని ముట్టుకోకుండా కాపలా కాశాడు. నేను పోయేసరికి చీమలు సగం తినేశాయి, మిగతాది ఎండకు కమిలిపోయింది. అప్పుడు ఆయన మీద అరిచాను. స్పిరిట్ సీసా ఒకటి చేతిలో పెట్టి, ఇంకోసారి చచ్చింది కనబడితే ముందు ఫోన్ చెయ్యి, నేను ఎత్తకపోతే నా కోసం చూడొద్దు, ముందు సీసాలో వెయ్యి, అరగంట ఆలస్యమైతే పనికిరాదు అని ముమ్మారు చెప్పించుకున్నాను. సీసా ఆయన మొలలో గొడ్డలి పక్కనే ఉండేది.

ఇంకొకటి కూడా నేర్పించాను. ఆయనకు రాత రాదు. వాళ్ల ఆచారం పక్కనపెట్టి రోజూ తొర్రలోకి చూడమన్నాను. నార తాడు ఒకటి పేని, తొర్రమ్మను చూసిన రోజు ఒక ముడి, చూడని రోజు జానెడు ఖాళీ వదలమన్నాను. మొదట్లో నన్ను సంతోషపెట్టడానికి రోజూ ముడి వేసేవాడు. అది బయటపడిన రోజు తాడు విసిరికొట్టాను. చూసిందే చెప్పాలి, చూడనిదాన్ని చూశానంటే మనం పడ్డ పాటంతా బూడిదలో పోసిన పన్నీరే అన్నాను. ఆయన తాడు ఏరుకుని, దొంగ ముడులన్నీ కూర్చుని విప్పాడు. మళ్లీ ఎప్పుడూ అబద్ధపు ముడి పడలేదు.

నా కోసం ఆయన చేసినదానికి నేను ఏమీ ఇవ్వలేదు. నలభై ఒకటో నంబరు చెట్టు మీద రెండేళ్లు గొడ్డలి పెట్టలేదు. అది గుట్టలోకెల్లా పెద్ద చెట్టు. మేకలు డొక్కలు ఎండి దాని కింద నిలబడి పైకి చూసేవి. ఆయన భార్య తిరుపాలమ్మ ఒకసారి నాకు మజ్జిగ ఇస్తూ, "పురుగుకు నీడ, మేకలకు ఎండ. బాగుండాది సార్ మీ సదువు" అంది. నేను తలెత్తకుండా మజ్జిగ తాగేశాను.

గుట్టను రాతి క్వారీకి ఇస్తున్నారని తెలిసింది ఈ ఏడాది మొదట్లో. తొర్రమ్మ ఫొటోలు జతచేసి అభ్యంతరం రాసి పంపాను. చాలా రోజులు జవాబు లేదు. చివరికి, తనిఖీకి ఒక అధికారి వస్తాడని, గురువారం పదకొండు గంటలకు ఆ జీవిని గుట్ట మీద చూపించాలని కాగితం వచ్చింది. చూపిస్తే క్వారీ ఆగుతుంది. చూపించకపోతే ఆ నెలలోనే మిషన్లు ఎక్కుతాయి. ఫొటోలు ఎక్కడ తీసినవో ఎవరికి తెలుసు అన్నారట.

పుణెలో మా మేడం ఒకామె ఉంది, సాలీళ్లకు పేర్లు పెట్టడంలో ఆమె మాటే ఆఖరు. ఆడదాన్ని చంపి పంపు, పేరు పెడదాం అని ఆమె రెండేళ్లుగా అడుగుతోంది. పేరుంటే క్వారీవాళ్లు పై కోర్టుకు పోయినా మన మాటే నిలబడుతుందని ఇప్పుడు ఇంకా గట్టిగా అడిగింది. ఆడదాని పొట్టలో మగదాని విత్తనాన్ని దాచుకునే చిన్న సంచి ఉంటుంది. దాని ఆకారం జాతి జాతికీ వేరు, దాన్ని చూసే పేరు పెడతారు. ఉన్న ఒక్కదాన్ని చంపడానికి నాకు చేతులు రాలేదు. ఇంకో దారి ఉంది. ఈ రకం సాలీడు పెద్దయ్యాక కూడా అప్పుడప్పుడు కుబుసం విడుస్తుంది. ఒంటి మీది తోలుతో పాటు ఆ సంచి లోపలి పొర కూడా ఊడి వస్తుంది. ఆ కుబుసం దొరికితే చాలు, ప్రాణం తీయకుండానే పేరు వస్తుంది. నేను దాని కోసమే కాచుకుని ఉన్నాను.

ఆ సోమవారం పోయి చూస్తే తొర్ర నోటికి పట్టుతో తెర కట్టి ఉంది. పది రోజులుగా మేత ముట్టడం లేదు. కుబుసం విడిచే ముందు అది తలుపు వేసుకుంటుంది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. గురువారానికి చూపించడానికి ప్రాణంతో తొర్రమ్మ, పుణెకు పంపడానికి కుబుసం. దేవుడు రెండు చేతులా ఇస్తున్నాడనుకున్నాను. మంగళ, బుధవారాలు నాకు కాలేజీలో పరీక్షల డ్యూటీ, తప్పించుకునే వీలు లేదు. చిన్న అద్దం కట్టిన పుల్ల ఒకటి ఆంజినప్పకు ఇచ్చి, పొద్దునా సాయంత్రం తెర సందులోంచి చూడమన్నాను. చీమలు వస్తాయేమో జాగ్రత్త అన్నాను. ముట్టుకోవద్దన్నాను.

ఒక్క మాట చెప్పలేదు. కుబుసం విడిచేటప్పుడు అది వెల్లకిలా పడుకుంటుంది, కాళ్లు ముడుచుకుని, కదలకుండా, చచ్చినట్టు. ప్రతి ఏడూ అరవై మంది పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్తాను. చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలేదు. ఆయనతో ఇంకో పది నిమిషాలు కూర్చుని ఉంటే వచ్చేసేది ఆ మాట. ఎండగా ఉందని, బస్సు పోతుందని లేచి వచ్చేశాను.

బుధవారం పరీక్ష హాల్లోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. మధ్యాహ్నం ఆఫీసులో నా ఫోన్ తీసి చూస్తే ఆంజినప్ప నుంచి నాలుగు పిలుపులు. తిరిగి చేస్తే ఎత్తలేదు. ఒక లెక్చరర్ మోటారు సైకిల్ అడుక్కుని పోయాను. దారి పొడుగునా కుబుసం విడిచేసిందేమో, ఆ సంతోషానికే చేసుంటాడేమో అనుకుంటూ పోయాను.

ఆంజినప్ప నలభై ఒకటో నంబరు చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు పరిచి, దాని మీద సీసా పెట్టుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"తొర్రమ్మ సచ్చిపోయినాది సార్. పొద్దున సూస్తే ఎల్లకిల పడిండాది. సీమలు మాను ఎక్కుతాండాయి. నీకు నాలుగు తూర్లు ఫోన్ సేస్తి. నువ్వు సెప్పినట్లే, పాడుగాకముందే సీసాలో యేసినా."

సీసా ఎత్తి వెలుతురులో పెట్టాను. వీపు మీది గట్టి తోలు డబ్బా మూతలా లేచి ఉంది. దాని కింద నుంచి లేత కాళ్లు, పాలరంగువి, సగం దాకా బయటికి వచ్చి ఆగిపోయి ఉన్నాయి. పాత కాళ్లు పక్కన ఖాళీ తొడుగుల్లా తేలుతున్నాయి. ఇంకో గంట. గంట ఆగి ఉంటే లేచి నిలబడేది.

ఆంజినప్ప ముఖంలో దుఃఖం ఉంది, దాని అడుగున చిన్న గర్వం కూడా ఉంది, చెప్పిన పని చెప్పినట్టు చేసినవాడి గర్వం. మంచి మనిషైతే ఆ గర్వాన్ని చూసి నోరు మూసుకునేవాడు. నేను మూసుకోలేదు.

"చచ్చిపోలేదు, అన్నా. కుబుసం విడుస్తా ఉండింది. చంపినావు."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. పాము విడిచినట్టా అని అడిగాడు. అవునన్నాను. సీసాలోకి వంగి ఆ లేత కాళ్లను చూశాడు. కాసేపు అట్లాగే చూసి, చీమల సంగతి మళ్లీ చెప్పబోయి, ఆపేసి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. తప్పు నాదని, నేనే చెప్పలేదని అప్పుడన్నా అనాలి. అనలేదు. నాకు ఏడుపు, కోపం కలిసి వస్తున్నాయి. వాటిలో కోపమే ముందు వచ్చింది.

మేడంకు ఫొటో పంపాను. సగంలో ఆగినది పనికిరాదని, పాత సంచి చిరిగి ఉంటుంది, కొత్తది ఇంకా గట్టిపడి ఉండదని, దీన్ని చూసి పేరు పెట్టలేనని ఆమె ఫోన్‌లో చెప్పింది. ఇంకొకటి వెతకమంది. వెతుకుతున్నానన్నాను. పొద్దు గూకేదాకా ఇద్దరం మిగిలిన అరవై రెండు చెట్లూ మళ్లీ ఎక్కాం. నేను టార్చితో, ఆయన అద్దంతో. ఒకదాంట్లో బల్లి గుడ్లు. ఒకదాంట్లో ఎండిన తేనెపట్టు. కొన్నిట్లో చెక్కపొడి కూడా ఎండిపోయి దుమ్ములా రాలింది. ఆఖరి తొర్ర చూశాక ఆంజినప్ప తాడు తీసి, ఇంకా వెలుతురు ఉండగానే, ముడి వేయకుండా జానెడు ఖాళీ కొలిచి వదిలాడు. నేను చూడనట్టు నటించాను.

గురువారం పదకొండుకు జీపు వచ్చింది. అధికారి పేరు దివాకర్. ఆయన చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది. ఎండలో గుట్ట వెనకదాకా నడిచి వచ్చాడు, తొర్రలోకి తనే టార్చి వేసి చూశాడు, పట్టు పరుపును చూసి ముచ్చటపడ్డాడు కూడా. సీసా అందుకుని చాలాసేపు తిప్పితిప్పి చూశాడు. ఇది ఎక్కడ దొరికిందని అడిగాడు. ఈ చెట్టులోనే అన్నాను. మరి ఇప్పుడు ఈ చెట్టులో ఏముందని అడిగాడు. నేను సీసా వెనక్కి తీసుకున్నాను. నా కాగితంలో ఒకే ప్రశ్న ఉంది వేణుగోపాల్ గారూ, గుట్ట మీద ఆ జీవి ఉందా లేదా అని, నేను చూసిందే రాయగలను అన్నాడు.

ఉందన్నాను. ఇంకా ఉన్నాయి, పగలు బయటికి రావు, నాలుగైదు తొర్రల్లో కాళ్లు చూశానని చెప్పాను. జీవితంలో మొదటిసారి పురుగు గురించి అబద్ధం చెప్పాను. నా గొంతు నాకే అంగట్లో బేరం మాట్లాడుతున్నట్టు వినిపించింది. దివాకర్ నా ముఖం చూసి, నమ్మాడో లేదో గానీ, ఆంజినప్ప వైపు తిరిగాడు. పెద్దాయనా, రోజూ ఇక్కడే ఉంటావు కదా, నువ్వు చూశావా అని అడిగాడు.

ఆంజినప్ప నా వైపు చూశాడు. నేను కళ్లతోనే బతిమాలాను. ఒక్క ముడి, ఒకే ఒక్క దొంగ ముడి వెయ్యమని అడిగాను. ఆయనకు అర్థమైంది. నేనేం అడుగుతున్నానో ఆయనకు నూటికి నూరుపాళ్లూ అర్థమైందని నేను ఒట్టు పెట్టి చెప్పగలను.

మొలలోంచి తాడు తీసి దివాకర్ చేతిలో పెట్టాడు.

"ల్యా సార్. నిన్న అన్ని సెట్లూ సూసినాం. యాడా ల్యా. ఉండిందల్లా ఆయమ్మ ఒకతే. నేనే సంపినా." తరువాత నా వైపు తిరిగి, నెమ్మదిగా అన్నాడు. "సూసిందే సెప్పమంటివి కదా సార్."

దివాకర్ తాడును చివరిదాకా వేళ్లతో తడిమి చూశాడు. రెండేళ్ల ముడులు. చివర జానెడు ఖాళీ. దాన్ని మడిచి ఆంజినప్పకే ఇచ్చి, కాగితం మీద ఒక మాట రాసి సంతకం పెట్టాడు. పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసెయ్యాలనిపించింది గానీ ఊరుకున్నాను.

జీపు దుమ్ము సర్దుకున్నాక మేకలు ఒక్కొక్కటే నలభై ఒకటో నంబరు చెట్టు కిందికి చేరాయి. తప్పు నాదని ఆంజినప్పతో అప్పుడు చెప్పాను. వెల్లకిలా పడుకుంటుందన్న మాట నేను చెప్పి ఉండాల్సిందని, ఆయన చేసింది నేను నేర్పించిన పనేనని చెప్పాను. ఒక రోజు ఆలస్యంగా చెప్పాను. ఆయన విన్నాడు. "పోనీలే సార్" అన్నాడు. ఆ మాట కంటే ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

గొడ్డలి తీసుకున్నాడు. మిషన్లు వచ్చేలోపల మేకలన్నా నాలుగు రోజులు కడుపునిండా తిననీ అన్నాడు. చెట్టు దగ్గరికి పోయి, కొమ్మలు చూసుకుని, గొడ్డలి తిప్పి పట్టుకున్నాడు. మాను మీద మూడుసార్లు తట్టాడు.

"తొర్రమ్మా, తప్పుకో."

పక్కకు జరిగి, ఎప్పటిలాగే ఆగాడు. మేకలు ఆయన ముఖంలోకి చూస్తున్నాయి. ఆకూ వక్కా నమిలేంత సేపు అయింది, ఇంకా ఎక్కువే అయింది. ఆయన అట్లాగే నిలబడి ఉన్నాడు. ఇక ఆగక్కర్లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.